కొలతయందు నమ్మకము

మన సంఘములలో ఒక బిడ్డ రసాయన శాస్త్రముతో బి.యస్సీ. పూర్తిచేసిన వెంటనే, తరువాత ఏమి అను ప్రశ్న ఆ యింట లేచును. డాక్టరు, ఇంజనీరు, టీచరు అనిన పెద్దలకు తెలియును. అనలిటికల్ కెమిస్ట్రీలో పరిశోధన అనిన మాత్రము తల్లిదండ్రులు పాస్టరు ముఖము చూతురు. చిత్తూరు ప్రాంతములో ఒక గృహదర్శనమందు మాకును అట్లే జరిగినది. "అయ్యగారూ, ఇంకా ఇన్నేండ్లు చదివి కడాకు నీళ్లు పరీక్ష చేసే పనేనా?" అని ఆ తల్లి అడిగెను. వేదాంత కళాశాలలో చదివిన మేము ఆ దినమున సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత చదివి తెలిసికొన్న సంగతులను ఈ శతవార్షిక సంచికలో సంఘస్థుల యెదుట ఉంచుచున్నాము.

ఒక పదార్థములో ఏమున్నది, ఎంత ఉన్నది అను రెండు ప్రశ్నలకు నమ్మదగిన జవాబు చెప్పుటయే రసాయన విశ్లేషణ. ఇది చిన్న పని కాదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో నడుములు వంగి, కీళ్లు బిగిసిపోయిన ప్రజల వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని 1937లో వైద్యులు ప్రకటించిరి. ఆ నీరు కంటికి తేటగానే యుండును, నాలుకకు తెలియదు. కొలిచిననే తెలియును. నేడు మన దేశ ప్రమాణము ప్రకారము లీటరు నీటికి ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుకొందురు. ఆ అర మిల్లీగ్రామును సరిగా కొలుచువాని చేతిలో ఒక ఊరి బిడ్డల యెముకలున్నవి.

ఈ మార్గమున నడచిన తెలుగువారిలో ముందుగా తలపవలసినవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవసారి గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలోని బోస్టను చేరి, ఆస్పత్రిలో రాత్రివేళ నౌకరుగా పనిచేయుచు హార్వర్డులో చదివిరి. అచ్చట సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటును, మరియొక ద్రావణమును చేర్చిన నీలి రంగు వచ్చును. భాస్వరము ఎంత యెక్కువయో రంగు అంత చిక్కన. తెలిసిన కొలతగల ద్రావణపు రంగుతో దానిని పోల్చి లెక్క తేల్చుదురు. ఇద్దరి పేర్లతోను పిలువబడిన ఈ పద్ధతి ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చెను.

అయితే కండరమునుండి తీసిన ద్రవమును ఇట్లు పరీక్షించినప్పుడు నీలి రంగు ఒక్కసారిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరియొకరైన అది పొరపాటని ఆ లెక్కను పారవేసియుందురు. వీరు ఎందుకని అడిగిరి. ఆ ప్రశ్నవలననే కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడెను. 1929లో దేహమునకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కనుగొనిరి. జర్మనీలో లోమన్ కూడ దానిని వేరుగా కనుగొనెను. తరువాత సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లము తయారీకిని, బోదకాలు మందుకును దారితీసిన పరిశోధనను నడిపి, 1948లో కన్నుమూసిరి. ఆ గొప్ప కార్యములకు మొదటి మెట్టు ఒక చిన్న కొలత.

మన ప్రాంతపు విద్యార్థులు ఒకప్పుడు ఇట్టి ఉన్నత విద్యకై మద్రాసు, వాల్తేరు వంటి దూర పట్టణములకు పోవలసి వచ్చెడిది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపింపబడుటతో ఆ ద్వారము ఇంటి ముందరనే తెరువబడెను. అచ్చటి రసాయన శాస్త్రజ్ఞులు లోహములతో కలిసి రంగునిచ్చు కర్బన సమ్మేళనములను తయారుచేసి, ఆ రంగును స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచి, అత్యల్ప పరిమాణములో నున్న లోహములను లెక్కించు పద్ధతులను ప్రకటించుచు వచ్చిరి. యంత్రము మారినను మూలసూత్రము సుబ్బారావుగారి నీలి రంగుదే. 1983లో తిరుపతిలోనే మహిళా విశ్వవిద్యాలయమును, 2015లో ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలును వచ్చినవి.

ఈ వృత్తి ఒక్కనాట కట్టబడదు. ఎం.యస్సీ. తరువాత నెట్ పరీక్షలో ఫెలోషిప్పు సంపాదించినవారికి పరిశోధనా కాలమందు నెలనెలా భృతి దొరకును. అటుపిమ్మట ఒకే కొలతను పదిమారులు చేయవలెను. పది లెక్కలును దగ్గరగా వచ్చిననే చాలదు, తెలిసిన నమూనాతో సరిపోవలెను. నీటిలోని తక్కిన లవణములు కొలతను చెరుపుచున్నవేమో చూడవలెను. తప్పు వచ్చిన దినమున దానిని దాచక నోటుబుక్కులో వ్రాయవలెను. ఆ అలవాటు గలవారికి ఔషధముల కంపెనీలు, నీటి పరీక్షాశాలలు, మన చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు పని చూపగలవు. తప్పుడు త్రాసును అసహ్యించుకొనవలెనని చిన్ననాటనుండి సండేస్కూలులో వినిన బిడ్డలకు ఈ పని కొత్తది కాదు.

కొన్ని వారములకు మేము మరల ఆ యింటికి వెళ్లి ఈ సంగతులన్నియు చెప్పితిమి. "అవునమ్మా, నీళ్లు పరీక్ష చేసే పనే. ఆ నీళ్లు తాగేది మన బిడ్డలే గదా" అంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, ఫీజు ఎంతవునని అడిగెను. ఆ కుమార్తె ఇప్పుడు ఎం.యస్సీ. చదువుచున్నది. నూరేండ్ల పండుగ చేసికొనుచున్న మన సంఘములు తలా ఒక విద్యార్థి ఫీజు భారమును పంచుకొనిన యెడల, ఆ తల్లి ప్రశ్న అడుగు ఇండ్లు మరికొన్ని ధైర్యము తెచ్చుకొనునని మా మనవి.