క్యారియర్ మీద ఎక్కండి

ఆరున్నర కాలేదు. మాఘమాసపు చలి ఇంకా వదల్లేదు. రండి, క్యారియర్ మీద కూర్చోండి. కాళ్లు రెండూ ఒకే పక్కకి వేసుకోండి, మడమలు పుల్లల్లో పడకుండా చూసుకోండి. గొలుసుకి నిన్ననే నూనె పెట్టాను. బెల్లు మాత్రం దాని ఇష్టం. మోగకపోతే నేనే అరుస్తాను.

బెజవాడ బల్లపరుపు ఊరంటారు, మోటారు బండ్ల వాళ్లు. ఇప్పుడు నా ఊపిరి వినండి. ఏలూరు కాల్వ వంతెన వచ్చింది. కారుకి ఇది చిన్న కుదుపు, సైకిలుకి కొండ. సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాను. పిక్కలు బిగుస్తున్నాయి. ఇంకో నాలుగు తొక్కులు... అమ్మయ్య! ఇక కాళ్లకు పని లేదు. ఫ్రీవీలు టిక్కుటిక్కుమంటోంది, చలిగాలి చెవులు కొరుకుతోంది. ఏలూరు, రైవస్, బందరు — ఊళ్లో ఉన్న మూడు కాల్వల మీదా ఏ వంతెన ఎంత ఎత్తో నా తొడలకు కంఠతా వచ్చు.

ముక్కుకి తగిలిందా? పెసరట్టు మీద అల్లం, పచ్చిమిర్చి. ఆ మలుపులో బండి ఉంది, ఆగితే ఆలస్యమైపోతుంది. ఎదురుగా అరిటాకుల చుట్టలు కట్టుకుని ఒకాయన వస్తున్నాడు. సైకిలు కనిపించడం లేదు, తోటే నడిచొస్తున్నట్టుంది. నేను పక్కకి జరిగాను. ఆయన తల ఊపాడు. బరువు మోస్తున్న సైకిలుకి దారివ్వాలి, ఎవరూ రాసిపెట్టని రూలది.

ఇంద్రకీలాద్రి నీడలోంచి బయటపడగానే ప్రకాశం బ్యారేజీ. 1957లో తెరిచారు, కిలోమీటరుంబావు పొడవు, 70 గేట్లు. మన మూడు కాల్వలకీ నీళ్లు ఇక్కణ్ణుంచే. భారీ వాహనాలను పైకి రానివ్వరు కాబట్టి అంచు పట్టుకుని నిదానంగా పోవచ్చు. కుడిచేతి వైపు చూడండి, కృష్ణ నిండుగా, కదలనట్టే ఉంది. ఎడమ వైపు ఇసుక మేటలు, వాటి మధ్య సన్నటి పాయలు, అవతల ఎర్రగా పైకొస్తున్న సూర్యుడు. ఒక చెంపకి నీటి చల్లదనం, రెండో చెంపకి తొలి ఎండ.

బ్యారేజీ దాటి అవతలి ఒడ్డున సీతానగరంలో దిగామో లేదో వెనక చక్రం మెత్తబడింది. దిగండి, మీ బరువు వల్ల కాదులెండి.

చెట్టు కింద ఓ చెక్కపెట్టె, నీళ్ల తొట్టి, గాలిపంపు. అదే షాపు.

"బాబాయ్, వాల్ ట్యూబేమో చూడు."

"వాల్ ట్యూబు కాదబ్బాయ్, ముల్లు." చక్రం చూడకుండానే చెప్పేశాడు.

చక్రం విప్పలేదు. రెండు ఇనప పట్టీలతో టైరు అంచు ఎత్తి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, జానెడు జానెడు చొప్పున తొట్టిలో ముంచుతున్నాడు. ఒకచోట ఆవగింజలంత బుడగలు వరసకట్టాయి. అక్కడ తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాశాడు. నేను ఆరాలని ఊదబోయాను. "ఊదకు, తడి తగులుద్ది. దాని మానాన దాన్ని ఆరనియ్యి." ప్యాచీ అంటించి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని టైరు లోపల చుట్టూ వేళ్లు పోనిస్తున్నాడు. ఆగాడు. గోళ్లతో లాగి, అరచేతిలో చూపించాడు: బియ్యపు గింజలో సగం కూడా లేదు, తుమ్మముల్లు.

"దీన్ని తియ్యకుండా ఎన్ని ప్యాచీలేస్తే ఏం లాభం?"

ఆయన వేళ్లకి టైరు కంఠతా వచ్చు, నా తొడలకి వంతెనలొచ్చినట్టు.

ఎండెక్కింది. తిరుగు దారిలో ఏలూరు కాల్వ వంతెన మళ్లీ ఎదురైంది. ఇటు వైపు ఎక్కుడు ఎక్కువ, అది మీకెలా తెలుస్తుంది, ఇంతసేపూ వెనకే కూర్చున్నారు. దిగండి. మీరు సీటు మీదికి రండి, హ్యాండిలు గట్టిగా పట్టుకోండి. నేను వెనక నుంచి తోస్తాను.