ఆకాశంలో దొరికిన ఆర్యభట్ట

హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో అంతరిక్షం గ్రీన్‌మ్యాట్ మీద పుడుతుంది. ఊరికి ఇంకో కొసన, ఈసీఐఎల్ దగ్గరున్న టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం నుంచి మాత్రం 2005 ఏప్రిల్ 20న ఒక బెలూన్ నిజంగానే పైకి లేచింది. దాని కింద వేలాడిన సరంజామా బరువు 459 కిలోలు, దాన్ని ముంచి ఉంచిన ద్రవ నియాన్ 38 కిలోలు. ఇంతా చేసి వెళ్లిన పని, గుప్పెడు గాలి పట్టుకురావడం.

గాలి పట్టడం తేలికేం కాదు. సూక్ష్మజీవి అన్నది లేకుండా శుద్ధి చేసి, లోపలి గాలంతా తోడేసిన స్టీలు గొట్టాలు నియాన్‌లో మునిగి ఉంటాయి. ఆ చల్లదనం సుమారు మైనస్ 246 డిగ్రీలు. పైకి వెళ్లాక కింది నుంచి సంకేతం పంపితే వాల్వు తెరుచుకుంటుంది. లోపలికి చొరబడిన గాలి గోడలకు తగిలి అక్కడే గడ్డకడుతుంది. అలా 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు దాకా నమూనాలు పట్టారు. గొట్టాలు పారాచూట్‌తో దిగాయి.

ఈ తంటా అంతా ఒక పాత వాదం కోసం. జీవం భూమ్మీద పుట్టలేదు, తోకచుక్కల వెంట పైనుంచి రాలింది అన్నారు ఖగోళ శాస్త్రవేత్తలు ఫ్రెడ్ హోయ్ల్, చంద్ర విక్రమసింఘె. కేంబ్రిడ్జిలో హోయ్ల్ శిష్యుడైన జయంత్ నార్లీకర్ ఆ మాటను పరీక్షకు పెట్టాలనుకున్నారు. 2001 జనవరిలో హైదరాబాద్ నుంచే ఒక బెలూన్ వెళ్లొచ్చింది. 2005 నాటిది ఇంకా పకడ్బందీ ప్రయత్నం.

నమూనాలు హబ్సిగూడ దారిలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి, పుణెలోని అలాంటి సంస్థే అయిన ఎన్‌సీసీఎస్‌కి వెళ్లాయి. మొత్తం 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాలు మొలిచాయి. బ్యాక్టీరియాలో తొమ్మిది మనకు తెలిసిన జాతులకు దగ్గరివే. మిగతా మూడూ కొత్తవని, అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి బంధువులకన్నా బాగా తట్టుకుంటున్నాయని 2009 మార్చిలో ఇస్రో ప్రకటించింది. సీసీఎంబీలో ఈ పని చూసిన ఎస్. శివాజీ అంతకుముందే అంటార్కిటికా బ్యాక్టీరియా మీద పనిచేసినవారు. మూడింటికీ నామకరణం ఘనంగానే జరిగింది: జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. ఇవి భూమికి ఆవలివని తేలిపోలేదని ఇస్రో అప్పుడే జాగ్రత్తగా చెప్పింది. ఆ జాగ్రత్తే తర్వాత పరువు కాపాడింది.

ఎందుకంటే ఆర్యభట్టై నేల మీదా కనబడసాగింది. దక్షిణ కొరియాలో సోయా వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలో దొరికిన ఒక రకం ఆ మొక్కనే ఏపుగా పెంచుతోందని 2017లో తేలింది. 2019లో చైనా పరిశోధకులు మొత్తం జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఆర్యభట్టై కొత్త జాతేం కాదు, బాసిల్లస్ మెగటీరియమే!

మెగటీరియం మన రైతుకు అపరిచితం కాదు. నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించి వేళ్లకు అందించే బ్యాక్టీరియాగా, పీఎస్‌బీ అనే పేరుతో పశువుల ఎరువులో కలిపి చల్లే జీవన ఎరువుల్లో ఇది వాడుకలో ఉన్నదే. దీన్ని 1884లోనే వర్ణించినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ. దొరికింది ఉడికించిన క్యాబేజీ ఆకుల మీద. వేర్వేరు జాతులు కలిసి బతకడాన్ని సహజీవనంగా నిర్వచించి, 1878లో కాసెల్ సభలో వినిపించిందీ ఆయనే. నక్షత్రాల చుట్టరికం వెతకబోతే, వేళ్లతో పొత్తు పెట్టుకునే మట్టిజీవి బయటపడింది. నిజానికి హోయ్ల్ వాదం కన్నా ఇదే ఆసక్తికరం. మట్టిలో బతికేది 20 కిలోమీటర్ల పైకి ఎలా చేరింది, ఆ ఎండలో, ఆ చలిలో ప్రాణం ఎలా నిలుపుకుంది? మెగటీరియం గట్టి పెంకున్న సిద్ధబీజంగా ముడుచుకోగలదు కాబట్టి రెండో ప్రశ్నకు సగం జవాబైనా ఉంది. సిద్ధబీజాలు కట్టని జానిబాక్టర్ విషయంలో అదీ లేదు.

ఈలోగా మెగటీరియం కూడా ప్రీస్టియా అనే ప్రజాతిలోకి వెళ్లింది. ఇస్రోనెన్సిస్ సోలిబాసిల్లస్ గూటికి చేరింది. మూడింటిలో ఇంటిపేరు మారనిది హోయ్ల్ పేరు పెట్టుకున్నదొక్కటే.