భట్టిప్రోలు స్ఫటికం నుంచి జింకు గాజు దాకా

మిర్చి కల్లాల ఘాటును గుంటూరు దగ్గరే వదిలేసి, తెనాలి మీదుగా రేపల్లె లైన్లో భట్టిప్రోలు చేరండి. ఎండలో కాగుతున్న ఈ ఇటుకల స్తూపం ముందు నిలబడండి. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్విస్తే, రాతి పెట్టెల్లోంచి స్ఫటిక భరిణెలు బయటపడ్డాయి. ఆ స్ఫటికమూ సిలికాయే, మన కిటికీ అద్దంలో ఎక్కువ భాగమూ సిలికాయే. స్ఫటికంలో పరమాణువులు వరుస తప్పవు. గాజులో ఆ వరుస ఉండదు. ఇసుకకు సోడా, సున్నం చేర్చి సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కరిగించి చల్లారిస్తే గాజు పుడుతుంది.

ఇప్పుడు మరో కొలిమి దగ్గరికి రండి. ఆర్గాన్ నిండిన గొట్టంలో చిటికెడు తెల్లటి పొడి ఉంది. పేరు జిఫ్-62. జింకు అయాన్లను కర్బన అణువులు కలుపుతూ పోగా ఏర్పడిన సన్నని గూళ్ల కట్టడం. ఈ మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లకే 2025లో కిటగావా, రాబ్సన్, యాగీలకు రసాయన నోబెల్ దక్కింది.

కొలిమి ఉష్ణోగ్రత చూపే అంకె 300 డిగ్రీలు దాటింది. పొడిలో చలనం లేదు. 400. ఈ జాతి పదార్థాల్లో చాలా వాటికి కరగకముందే విచ్ఛిన్నమయ్యే గుణం ఉంది, అందుకే ఊపిరి బిగబట్టి చూడాల్సింది ఇక్కడే. 437 దగ్గర గింజల అంచులు మెత్తబడి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, బొట్టుగా మెరుస్తాయి. లోపల జింకుకూ కర్బన అణువుల్లోని నత్రజనికీ మధ్య బంధాలు విడిపోతూ మళ్లీ కొత్త జోడు కడుతున్నాయి. చల్లారిస్తే గాజే! వరుస చెదిరింది, గూళ్లు మాత్రం కొంత కుంచించుకుని మిగిలాయి. నా మటుకు ఈ మొత్తంలో గొప్ప విషయం అదే.

కేంబ్రిడ్జ్‌లో థామస్ బెన్నెట్, డెన్మార్క్‌లో యువాన్‌జెంగ్ యూ బృందాలు 2015లో ఈ దారి తెరిచాయి. తర్వాత, ఇదే జాతికి చెందిన, మామూలుగా కరగని జిఫ్-8 రంధ్రాల్లో అయానిక ద్రవం నింపి దాన్నీ కరిగించారు. వేడి లేకుండా గుండ్ల మరలో నూరి వరుసను చెదరగొట్టే పద్ధతీ ఉంది.

ఎందుకింత శ్రమ? వాయువులను వేరుచేద్దామని పొడిని పొరగా పరిస్తే గింజల సందుల్లోంచి అవి జారిపోతాయి. గాజుకు ఆ సందులుండవు. అలాంటి పొర కార్బన్ డయాక్సైడ్‌ను నత్రజని నుంచి వేరుచేయగలదని ప్రయోగాల్లో తేలింది.

గుంటూరు, ఒంగోలు కాలేజీల కెమిస్ట్రీ మాస్టార్లకు ఒక్క మనవి: గాజు పాఠాన్ని సోడా, సున్నం, ఇసుకతో ముగించకండి. ఈ జింకు గాజు సంగతీ పిల్లలకు చెప్పండి.