ఫాస్ఫోక్రియాటిన్ నుండి క్రియాటినిన్ వరకు: ఉద్దానం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

శ్రీకాకుళం జిల్లాలోని సుమ్మాదేవి, పలాస, సోంపేట, కవిటి ప్రాంతాలలో ‘క్రియాటినిన్’ సామాన్యులకు సైతం పరిచితమైన మాట. మూత్రపిండాల వ్యాధి తీవ్రతను అక్కడివారు ఆ అంకెతోనే చెప్పుకుంటారు. ఆ అంకె వెనుకనున్న జీవరసాయన చరిత్రలో ఒక తెలుగు శాస్త్రవేత్తకు విశిష్ట స్థానముంది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢత ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి తోడ్పాటుతోనే 1927లో వారు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1934లో జర్మనీకి చెందిన కార్ల్ లోమన్ దాని పాత్రను వివరించాడు. కండరానికి తక్షణ శక్తి అవసరమైనప్పుడు క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము ఫాస్ఫోక్రియాటిన్‌లోని ఫాస్ఫేటును ఏడీపీకి చేర్చి ఏటీపీని తయారుచేస్తుంది.

క్రియాటినిన్ పుట్టుకకు మాత్రం ఎంజైముతో పనిలేదు. కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో రోజుకు సుమారు 2 శాతం తనంత తానుగా క్రియాటినిన్‌గా మారుతుంది. దానిని మూత్రపిండాలు విసర్జిస్తాయి. అవి దెబ్బతిన్నప్పుడు రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది.

అయితే ఈ అంకె మూత్రపిండాల స్థితితోపాటు కండర పరిమాణాన్ని కూడా ప్రతిబింబిస్తుంది. పలాస జీడి పరిశ్రమలో పనిచేసే బక్కపలుచని స్త్రీకి, వ్యాధి మొదలైనా అది సాధారణ పరిధిలోనే కనిపించవచ్చు. ఉద్దానం వ్యాధికి మూలకారణం ఇదమిత్థమని నేటికీ తేలలేదు. కాబట్టి వయసును, లింగభేదాన్ని లెక్కలోకి తీసుకొని వడపోత రేటును అంచనా వేయడం, వీలైనచోట కండరాలపై అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్షను జోడించడం అవసరం. లేనిచో తొలిదశ రోగులు లెక్కకు అందకుండా పోతారు.