ఉతికితే తెలిసే బట్ట

కొత్త దుప్పటిని కొనగానే పక్క మీద పరచరాదని, ఒకసారి తడిపి ఆరవేశాకే వాడాలని మన ఇళ్ళలో పెద్దలు చెబుతూ ఉంటారు. ఆ మాటకు కారణం వెతుకుతూ నేను మచిలీపట్నం రేవుకూ, అక్కడి నుండి లాంకషైర్ మిల్లులకూ వెళ్ళవలసివచ్చింది.

మగ్గం మీద పడుగు దారాలు తెగకుండా గంజి పెడతారు, బిగువుగా లాగి కడతారు. నేత ముగిసినా ఆ గంజీ, ఆ బిగువూ బట్టలో మిగిలే ఉంటాయి. తొలిసారి బాగా తడిసినప్పుడు గంజి వదులుతుంది, నూలు ఉబ్బుతుంది, లాగి ఉంచిన దారం సడలి బట్ట కురచ అవుతుంది. అందులో నూలెంతో, గంజి ఎంతో, రంగు ఎంత గట్టిదో అప్పుడే బయటపడుతుంది.

ఈ పరీక్షలో నెగ్గినందువల్లనే మన తీరపు అద్దకాలు సముద్రాలు దాటాయి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. అక్కడి కలంకారీ దుప్పట్లను ఐరోపావారు ‘పాలంపోర్’ అన్నారు. మంచపు కప్పు అనే అర్థమున్న ‘పలంగ్‌పోష్’కు అది వికృతి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై పటిక అద్ది, చిరివేరుతో ఉడికిస్తే పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది. నడుమ ఎన్నిమార్లో పారే నీటిలో జాడించాలి. అంటే ఆ బట్ట ఉతుకుల్లోనే పుట్టింది. ఇక ఉతుకుకు వెరవడమెందుకు? ఆనాటి ఐరోపా అద్దకాలకు ఆ నిలకడ లేదు.

పోటీకి తాళలేక ఫ్రాన్స్ 1686లో ఇటువంటి బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డుకుని, 1721లో వాడకాన్నే నిషేధించింది. ఒంటి మీది ఉడుపులే కాదు, ఇంటి సామగ్రిలోని అద్దకపు నూలుబట్ట కూడా నేరమైంది. ఒక దుప్పటికి పార్లమెంటు భయపడిందన్నమాట!

బట్టలు ఆగినా పేర్లు ఆగలేదు. కోళికోడ్ పేరు కాలికో అయింది. నేడు దుకాణాల్లో వినే ‘పర్కేల్’ కూడా 17, 18 శతాబ్దాల్లో భారతదేశం నుండి వెళ్ళిన బట్టదే. పడుగూ పేకా ఒకటి విడిచి ఒకటిగా అల్లిన సాదా నేత అది; చల్లగా, గరగరలాడుతూ ఉంటుంది. ‘సటీన్’లో దారం నాలుగింటి మీదుగా పోయి ఒకదాని కింద దూరుతుంది కనుక నునుపు, మెరుపు ఎక్కువ, అయితే రాపిడికి తొందరగా నలుగుతుంది.

తరువాత కథ తలకిందులైంది. 1861-65 అమెరికా అంతర్యుద్ధకాలంలో పత్తి కరువై, లాంకషైర్ మిల్లులు గంజిలో చైనా మట్టిని దట్టంగా కలపసాగాయి. బరువుగా, దళసరిగా కనబడే ఆ బట్ట మన దేశానికీ వచ్చింది. ఉతికితే మట్టి పోయి పలచని నూలు మిగిలేది; తేమ తగిలితే బూజు పట్టేది. మన నేతగాళ్ళు ఓడినది నాణ్యతలో కాదు, మరబట్ట చవకదనం ముందు, పరాయి పాలన ముందు అని నేను నమ్మడానికి ఇదొక కారణం.

కనుక దుప్పటి పొట్లం మీద రాసిన దారాల లెక్క చూసి మురిసిపోకండి. ఒక్కసారి ఉతికి, వెలుతురుకు పట్టి చూడండి. మీ ఊళ్ళలో గంజి వదలని కోరాబట్టను ఏమని పిలుస్తారో, ఎలా చలువ చేస్తారో తెలిసిన మిత్రులు చెబితే సంతోషిస్తాను. ఆ మాటలు కూడా ఉతుకులో పోకుండా నిలవాలి కదా.