ఉప్పులోని లోహానికొక నివాసం

హోసూరు పారిశ్రామిక చరిత్రలో ద్విచక్ర వాహనానిది ప్రముఖ స్థానం. 1980లో ఇక్కడ తయారై దేశమంతటా తిరిగిన టి.వి.ఎస్. 50 మోపెడ్‌ను మన పూర్వ విద్యార్థులలో ఎరుగనివారు అరుదు. 2021లో హోసూరులో ఏథర్, కృష్ణగిరి జిల్లా పోచంపల్లి వద్ద ఓలా ఎలక్ట్రిక్ సంస్థలు విద్యుత్ స్కూటర్ల ఉత్పత్తికి పూనుకొనడంతో ఆ చరిత్ర కొత్త మలుపు తిరిగింది. పెట్రోలు ట్యాంకు స్థానాన్ని లిథియం బ్యాటరీ ఆక్రమించింది. కాని లిథియం కొరకు మన దేశం అధికంగా దిగుమతులపైననే ఆధారపడి ఉన్నది.

సోడియమో, ప్రతి ఇంటి ఉప్పుజాడీలోనూ ఉన్నదే. 1807లో హంఫ్రీ డేవీ కాస్టిక్ సోడా నుండి విద్యుత్తు సాయంతో దానిని వేరుచేశాడు. మరి లిథియం చేసే పనిని సోడియం చేయలేదా? ఇందుకు పెద్ద అవరోధమై నిలిచినది ఆనోడు. బ్యాటరీని ఛార్జి చేసినపుడు అయాన్లు వచ్చి చేరే ఋణధ్రువమే అది.

లిథియం బ్యాటరీలలో ఆ స్థానం ప్రధానంగా గ్రాఫైటుది. పుస్తకంలోని పుటలవలె అమరిన కార్బన్ పొరల నడుమ లిథియం చక్కగా ఇముడుతుంది; సోడియం అంతగా ఇమడదు. సోడియం పరిమాణమే ఇందుకు కారణమనుకొనుట పొరపాటు. అంతకన్న పెద్దదైన పొటాషియం అక్కడ ఇముడుతున్నది గదా! గ్రాఫైటుతో సోడియం ఏర్పరచే బంధానికి నిలకడ లేదు.

2000లో కెనడా శాస్త్రజ్ఞులు స్టీవెన్స్, డాన్ గ్లూకోజును అధికోష్ణంలో బొగ్గుగా మార్చి, గ్రాముకు సుమారు 300 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుదావేశాన్ని నిలువచేయగల ఆనోడును రూపొందించారు. దీని పేరు హార్డ్ కార్బన్. చిందరవందరగా పోసిన పెంకుల కుప్పలో వలె దీనిలో ఉండే సందులే సోడియానికి నివాసమైనవి. కొబ్బరి చిప్పల నుండి కూడా ఇటువంటి కార్బన్ తయారవుతుంది. అయితే అతివేగంగా ఛార్జి చేస్తే దీనిపై సోడియం లోహపు పూతగా పేరుకొనే ప్రమాదమున్నది.

అందువలన పరిశోధన ఇతర పదార్థాల వైపు మళ్లింది. 2011లో సోడియం టైటనేటును ఆనోడుగా ప్రతిపాదించిన బృందంలో ప్రేమ్‌కుమార్ సెంగుట్టువన్ ఒకరు. 2025లో ఆయన బృందమే మన పొరుగున ఉన్న బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో వనేడియం, అల్యూమినియం, నయోబియం కలిసిన ఫాస్ఫేటు ఆనోడును తయారుచేసింది. కణాలను అతిసూక్ష్మం చేసి, వాటికి కార్బన్ పూత పూసి, కొంత అల్యూమినియం చేర్చడం ఇందులోని కిటుకు. ఆ బ్యాటరీ ఆరు నిమిషాలలో 80 శాతం ఛార్జి అయి, 3000 పర్యాయాలకు పైగా పనిచేయగలదని వారు ప్రకటించారు. ప్రయోగశాల నుండి కర్మాగారానికి దారి సుదీర్ఘమైనదే. బరువుకు తగిన శక్తిని నిలువచేయడంలో సోడియం ఇంకను లిథియానికి వెనుకబడియే ఉన్నది.

ఈ కొరతను తీర్చే పని ఇంకను మిగిలి ఉన్నది. మన పిల్లలు కర్మాగారాలలో బ్యాటరీలను బిగించే ఉద్యోగాలతోనే తృప్తిపడవలెనా, లేక వాటిలోని పదార్థాన్నే కనుగొనే స్థాయికి ఎదగవలెనా? ఉప్పు అణువును తెలుగులో బోధించే మన పాఠశాల తరగతి గదిలోనే ఈ రెండవ దారికి తొలి మెట్టున్నది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆ మెట్టును పదిలపరచుటయే ఈ ప్లాటినం జూబిలీకి నిజమైన సార్థకత.