పాలెగాని భ్రాంతి, ప్రజల వీరుడు

కాలం చెల్లిన వ్యవస్థను కత్తితో నిలబెట్టాలని బయలుదేరిన మనిషిని వీరుడనవచ్చునా? సాహిత్యంలో ఈ ప్రశ్నను బలంగా లేవనెత్తిన గ్రంథం సెర్వాంటిస్ రాసిన 'డాన్ క్విక్సోట్'. 1605లో మొదటి భాగం, 1615లో రెండవ భాగం వెలువడ్డాయి. వీరయోధుల యుగం అంతరించిన స్పెయిన్‌లో, పాత వీరగాథలు చదివి చదివి మతి చలించిన ఒక చిన్న భూస్వామి తాతల నాటి కవచం తొడుక్కొని లోకాన్ని ఉద్ధరించడానికి బయలుదేరతాడు. గాలిమరలను రాక్షసులనుకొని ఈటెతో పొడవబోయి కింద పడతాడు. పాఠకుడు అతని తెలివితక్కువతనానికి నవ్వుతాడు, అతని నిజాయితీని మాత్రం కాదనలేడు. రాయలసీమ చరిత్రలో ఇదే ప్రశ్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయంలో మన ముందుకు వస్తుంది.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807లో వెళ్ళిపోయేలోగా పాలెగార్ల కోటలను, సాయుధ బలగాలను, కావలి హక్కులను ఊడ్చివేశాడు. లొంగినవారికి పింఛన్లు మిగిలాయి. ఉయ్యాలవాడ కుటుంబానికి వచ్చే 70 రూపాయలలో నరసింహారెడ్డి వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. పూర్వీకులు ఏలిన గడ్డమీద అతడు కంపెనీ పింఛనుదారుగా బతికాడు. 1846 జూలైలో, అప్పుడు కడప జిల్లాలో ఉండిన కోవెలకుంట్ల ఖజానాపై అతని మనుషులు దాడి చేశారు. అక్టోబరు 6న అతడు పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. అతని తలను 1877 వరకు కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారు.

ఈ చరిత్రపై రెండు వాదాలున్నాయి. 1857 కంటే ముందే తెల్లవారిపై కత్తి దూసిన తొలి స్వాతంత్ర్య యోధుడన్నది ఒకటి. పింఛను కోసం, పోయిన పాలెం కోసం తిరగబడిన భూస్వామి మాత్రమే అన్నది రెండవది. పైకి విరుద్ధంగా కనిపించినా రెండూ ఒకే తప్పు చేస్తున్నాయి. నాయకుని మనసులో ఏముందన్న దాన్నే తిరుగుబాటుకు కొలబద్దగా తీసుకుంటున్నాయి. అతని వెంట నడిచిన జనం రెండింటిలోనూ కనిపించరు.

ఇలాంటి చిక్కునే మార్క్స్, ఎంగెల్స్ 1859లో చర్చించారు. జర్మనీలో 1522-23లో రాజులపై తిరగబడి మరణించిన సికింజెన్ అనే యోధుణ్ణి నాయకునిగా చేసి లాసాల్ ఒక నాటకం రాశాడు. అతనికి రాసిన ఉత్తరంలో మార్క్స్, సికింజెన్ నశించిపోతున్న వర్గానికి ప్రతినిధిగా తిరగబడ్డాడు గనుకనే ఓడాడనీ, అతడొక డాన్ క్విక్సోట్ అనీ, అయితే చారిత్రక సమర్థన గల డాన్ క్విక్సోట్ అనీ తేల్చాడు. ఎంగెల్స్ తన ఉత్తరంలో మరో మాట చేర్చాడు. ప్రభువర్గం గెలవాలంటే రైతాంగంతో కలవాలి; కానీ రైతాంగాన్ని పీడించి బతికే వర్గం కనుక అది కలవలేదు. అసలు విషాదం అక్కడుందన్నాడు.

ఈ వెలుగులో రేనాటి తిరుగుబాటును చూద్దాం. పాలెగాళ్ళ రాజ్యం తిరిగి రావడం 1846 నాటికి అసాధ్యం. కర్నూలు నవాబు అంతటివాణ్ణే 1839లో కంపెనీ పదవి నుంచి దించి రాజ్యాన్ని కలుపుకొన్నది. రైతుకు కూడా పాలెగాని కాలం స్వర్ణయుగం కాదు. కావలి పేరిట, కానుకల పేరిట పిండుకున్నది ఆ వ్యవస్థే. అందువల్ల నరసింహారెడ్డి కలలో భ్రాంతి ఉందనడంలో సందేహం లేదు.

అయితే అతని వెంట నడిచినవారి సంగతి వేరు. వారిలో కట్టుబడి బంట్రోతులు ముఖ్యులు. ఊరి కావలి కాసినందుకు తరతరాలుగా అనుభవిస్తున్న మాన్యాలను కంపెనీ లాగివేసుకోగా బతుకుతెరువు పోయినవారు వాళ్ళు. వడ్డె ఓబన్న వంటి శ్రామిక కులాల మనుషులు అతనికి కుడిభుజంగా నిలిచారు. అణచివేత తరువాత ప్రభుత్వం దాదాపు 900 మందిపై అభియోగాలు మోపింది. ఒక మనిషి పింఛను తగాదాకు ఇంతమంది కదలరు. సాంకో పాంజా యజమాని వెంట నడిచింది అతడు ఇస్తానన్న ద్వీపం మీద ఆశతో. కట్టుబడివారు కోరింది ద్వీపం కాదు, నిన్నటిదాకా తాము దున్నుకున్న చేను.

క్విక్సోట్‌కూ నరసింహారెడ్డికీ గల తేడా ఇక్కడే ఉంది. క్విక్సోట్ శత్రువును పోల్చుకోలేకపోయాడు. అతడు పొడిచినవి గాలిమరలు. నరసింహారెడ్డి కొట్టింది ఖజానాను, అంటే వాన రాని ఏడు కూడా మెట్ట రైతు కట్టిన శిస్తు పోగుపడే చోటును. రాక్షసి నిజమైనదే. అతడు పొరబడింది తన గురించి, తన కాలం గురించి. పాలెగానిగా అతడు భ్రాంతిపరుడు. ఆ జనం ఆగ్రహానికి ముందు నిలిచి, ఉరికంబం ఎక్కినవానిగా వీరుడు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి వదిలినా అది చరిత్ర కాదు.

రేనాటి జనం ఈ విచక్షణ పాటించారు. అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డిని, 1866 కరువులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టినవాణ్ణి కూడా పాటగట్టి నిలుపుకొన్నారు. కత్తి పట్టడమొక్కటే వారికి వీరత్వం కాదు.

ఈ చర్చ నేడు అవసరమా అని అడిగేవారుండవచ్చు. 2019లో అతని కథ భారీ సినిమాగా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి అతని పేరు పెట్టారు. గౌరవించడం తప్పు కాదు. కానీ కట్టుబడివాణ్ణి తుడిచివేసి పాలెగాణ్ణి మాత్రమే నిలబెడితే, మీసం, వంశం, కులం మిగులుతాయి. దశాబ్దాలుగా సీమ పల్లెల్లో కూలిబిడ్డల ప్రాణాలు తీసిన ముఠాకక్షల నాయకులకు కావలసింది సరిగ్గా ఆ వారసత్వమే. దాన్ని వారి చేతికి ఇవ్వకుండా ఉండాలంటే, నరసింహారెడ్డి పేరు పలికిన ప్రతిచోటా మాన్యం పోయిన కట్టుబడివాని సంగతి కూడా మన రచయితలు చెప్పితీరాలి.